హిందోళానికి కోర్డులు: సాఫ్ట్‌వేరు షడ్జమాన్ని ఎందుకు గుర్తుపట్టడం లేదు?

తీగరాగం:

అందరికీ నమస్కారం. హిందోళంలో ఒక లలితగీతానికి వరుస కట్టాను. ఆదితాళం, ఒకటి శ్రుతి, అంటే కీబోర్డు మీద సీ (C) నాకు షడ్జమం. తంబురా పెట్టుకుని పాడుకున్నంత కాలం ఏ ఇబ్బందీ కలగలేదు. గిటారు, కీబోర్డు కలిపి రికార్డు చేద్దామని మిత్రులు అన్న నాటి నుంచి కోర్డుల, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపుల, చిక్కు మొదలైంది. (కోర్డు అనే రాస్తున్నాను. కార్డు అని రాస్తే నాకు రేషను దుకాణం గుర్తుకు వస్తుంది.)

వరుసను మిడిలో (వాయించిన స్వరాలను కంప్యూటరుకు అందించే పద్ధతిలో) వాయించి, కీని, అంటే పాటకు ఆధారమైన స్వరాన్ని, స్కేలును, తానే గుర్తించి కోర్డులు సూచించే ఒక ప్లగిన్‌కు ఇచ్చాను. అది ఏ ఫ్లాట్ (A♭) మేజర్ అని తేల్చి, ఏ ఫ్లాట్, డీ ఫ్లాట్ (D♭), ఈ ఫ్లాట్ (E♭), ఎఫ్ మైనర్ కోర్డులను పేర్చి ఇచ్చింది. విడిగా వింటే అవి తీయగానే ఉన్నాయి. పాటతో కలిపి విన్నప్పుడు మాత్రం, పల్లవి చివర నేను షడ్జమం మీద వాలినా పాట ముగిసినట్టు అనిపించడం లేదు, ఇంకా ఎక్కడికో వెళ్లవలసి ఉన్నట్టు వేలాడుతోంది. మా అమ్మ వంటింట్లోంచి విని, "మోహనం పాడుతున్నావా?" అని అడిగింది. ఆమె చిన్నప్పుడు గీతాల వరకే నేర్చుకుంది.

తప్పు నా వరుసలో ఉందా, సాఫ్ట్‌వేరులో ఉందా, లేక హిందోళానికి కోర్డులు వేయాలనుకోవడంలోనే ఉందా? ఇలాంటి రాగాలకు కోర్డులు ఎంచుకునేటప్పుడు మీరు ఏ పనిముట్లను, ఏ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుంటున్నారో తెలియజేయగలరు.

కోడ్‌బడి:

తీగరాగం గారూ, మీ అమ్మగారు సరిగ్గానే విన్నారు. మీ ఐదు స్వరాలు సీ, ఈ ఫ్లాట్, ఎఫ్, ఏ ఫ్లాట్, బీ ఫ్లాట్, అంటే వరుసగా స, గ, మ, ద, ని. వీటిలో ఏ ఫ్లాట్‌ను షడ్జమంగా తీసుకుంటే మిగిలినవి చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం అవుతాయి, అంటే అది అచ్చమైన మోహనం. మోహనంలో గాంధారాన్ని షడ్జమం చేస్తే హిందోళం వస్తుందని గ్రహభేదం పాఠంలో చదువుకుంటాం కదా, ప్లగిన్ ఆ పాఠాన్ని వెనుక నుంచి చదివింది. దాని కోర్డులు వినేవారి చెవిని ఏ ఫ్లాట్ దగ్గర కూర్చోబెట్టాయి కాబట్టి, మీ షడ్జమం ఆమెకు మోహన గాంధారంలా వినిపించింది.

ఇలా జరగడానికి కారణం ఆ పద్ధతిలోనే ఉంది. కీని గుర్తించే పద్ధతులలో బాగా పేరున్నది క్రమ్‌హాన్సల్, ష్మక్లర్ అనే ఇద్దరు పరిశోధకుల పేరు మీద ఉన్నది. పాటలో పన్నెండు స్వరస్థానాలలో ఒక్కొక్కటి ఎంతసేపు వినిపించిందో లెక్కగట్టి, ఆ లెక్కను 12 మేజర్, 12 మైనర్ కీల నమూనాలతో పోల్చి, ఎక్కువగా సరిపోలిన దానిని ఎంచుతుంది. ఆ 24 నమూనాలలో హిందోళం లేదు. సీ మైనర్ అని చెప్పాలంటే దానికి పంచమం, అంటే జీ, గట్టిగా వినిపించాలి. మీ పాటలో అది ఒక్కసారి కూడా రాదు. కాబట్టి అది ఏ ఫ్లాట్ మేజర్ వైపో ఎఫ్ మైనర్ వైపో మొగ్గడం సహజం. తంబురా అనే ఒక వస్తువు ఉంటుందని, అది షడ్జమాన్ని పాట పొడుగునా మోగిస్తూనే ఉంటుందని ఆ లెక్కకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మొదటి పని, కీని గుర్తించే మీటను ఆపివేసి షడ్జమం ఎక్కడుందో మీరే చెప్పడం. హుక్‌ప్యాడ్, స్కేలర్, ఏబుల్టన్ లైవ్ వంటి సంగీత సాఫ్ట్‌వేర్లలో మూలస్వరాన్ని, స్కేలును చేతితో ఎంచుకునే వీలుంది.

వైణికుడు:

క్షమించాలి, నేను కొంచెం అడ్డు చెప్పవలసి వస్తోంది. మన రాగానికి కోర్డు అవసరమా అన్న ప్రశ్నను మీరిద్దరూ దాటిపోయారు. రాగం అంటే స్వరస్థానాల పట్టిక కాదు. తోడి రాగంలోని గాంధారాన్ని తీసుకోండి. అది ఒకచోట నిలబడే స్వరమే కాదు, రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగే కదలిక. దాని కింద కీబోర్డు మీద ఈ ఫ్లాట్‌ను నాలుగు అక్షరాల కాలం నొక్కి పట్టుకుంటే, గాయకుడు ఊగిన ప్రతిసారీ శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది, నిజానికి తప్పుతున్నది కీబోర్డే. హిందోళంలో ఈ బాధ కొంత తక్కువ అని ఒప్పుకుంటాను. అయినా మధ్యమం మీద దీర్ఘంగా నిలిచి, ధైవతానికి జారి, తిరిగి మధ్యమానికి వచ్చే సంచారానికి కింద షడ్జమ మధ్యమాలు తప్ప మరేమీ అక్కరలేదు. హిందుస్తానీ వారు మాల్కౌన్స్ పాడేటప్పుడు తంబురాలో పంచమాన్ని తీసి మధ్యమానికి శ్రుతి చేసుకుంటారు. నా దృష్టిలో ఆ రాగానికి ఉన్న ఒకే ఒక్క కోర్డు అదే.

నాలుగో తీగ:

వైణికుడు గారూ, మీరు కోర్డులు వద్దంటూనే అసలు కోర్డును చెప్పేశారు. షడ్జమం, మధ్యమం. అక్కడి నుంచే ముందుకు వెళదాం.

మనం కోర్డు అనగానే ఒక స్వరాన్ని విడిచి ఒకటి పేర్చడం, అంటే స గ ప, రి మ ద అనే పద్ధతి, అలవాటుగా పట్టుకుంటాం. ఏడు స్వరాల మేళానికి అది కుదురుతుంది. ఐదు స్వరాల రాగంలో, అందులోనూ పంచమమే లేని రాగంలో, షడ్జమం మీద కోర్డు పూర్తి కానే కాదు. తీగరాగం గారి స్వరాలలో మూడు స్వరాల మేజర్ లేదా మైనర్ కోర్డులు రెండే దొరుకుతాయి: ఏ ఫ్లాట్ మేజర్, ఎఫ్ మైనర్. రెండింటికీ మూలం షడ్జమం కాదు. అందుకే ఏది వేసినా పాట షడ్జమం నుంచి జారిపోతోంది.

ఇప్పుడు అవే స్వరాలను మధ్యమాల దూరంలో, అంటే షడ్జమం నుంచి మధ్యమానికి ఉన్నంత దూరంలో, పేర్చి చూడండి. సీ నుంచి ఎఫ్, ఎఫ్ నుంచి బీ ఫ్లాట్, బీ ఫ్లాట్ నుంచి ఈ ఫ్లాట్, ఈ ఫ్లాట్ నుంచి ఏ ఫ్లాట్. స, మ, ని, గ, ద. హిందోళంలోని ఐదు స్వరాలూ ఏ ఒక్కటీ మిగలకుండా, బయటి స్వరం ఏదీ చొరబడకుండా, ఒకే దూరంలో గొలుసుగా వస్తాయి, అదీ షడ్జమం అట్టడుగున ఉండగా. పాశ్చాత్య సంగీతంలో దీనిని క్వార్టల్ హార్మనీ అంటారు, ఇరవయ్యవ శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చింది. ఈ గొలుసు నుంచి మూడేసి స్వరాల చొప్పున తీసుకుంటే స-మ-ని, మ-ని-గ, ని-గ-ద అనే మూడు కోర్డులు దొరుకుతాయి. మేజర్‌లా నవ్వవు, మైనర్‌లా ఏడవవు. హిందోళానికి ఆ నిలకడ బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

గిటారు వాయించేవారికి ఇది వరం. మామూలు శ్రుతిలో గిటారు తీగలు, ఒక్క జత తప్ప, మధ్యమాల దూరంలోనే ఉంటాయి. అన్నిటికన్నా లావు తీగను వదిలేసి, తరువాతి మూడు తీగలను మూడో మెట్టు దగ్గర, చివరి రెండు సన్న తీగలను నాలుగో మెట్టు దగ్గర నొక్కండి. సీ, ఎఫ్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్. ఒక్క మీటుకు హిందోళం మొత్తం పలుకుతుంది. లావు తీగను మాత్రం పొరపాటున కూడా తాకవద్దు, మూడో మెట్టు దగ్గర అది పంచమం.

తీగరాగం:

నాలుగో తీగ గారూ, ఇప్పుడే వాయించి చూశాను. పదిహేను రోజులుగా వెతుకుతున్నది చేతికింద ఉన్నట్టయింది. అయితే ఒక సందేహం. స-మ-ని వాయిస్తే నా సాఫ్ట్‌వేరు దానికి ఎఫ్ సస్ ఫోర్ అని పేరు పెడుతోంది, స్వరాల క్రమం మార్చితే బీ ఫ్లాట్ సస్ టూ అంటోంది. షడ్జమం పేరు ఎక్కడా రావడం లేదు. పట్టించుకోవాలా?

నాలుగో తీగ:

పట్టించుకోవద్దు. మూడు స్వరాలు ఒకటే, పేర్లు రెండు. ఆ పేర్లు మూలం ఏదో ఊహించి పెట్టినవి. బేస్‌లో, అంటే అట్టడుగు మంద్ర స్వరంగా, సీ మోగుతున్నంత సేపు చెవికి మూలం సీనే. పేరు కోసం కోర్డును మార్చుకోకండి.

మందిరం కీబోర్డు:

నేను గుంటూరు జిల్లాలో ఒక చర్చిలో ఇరవై ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను, అంతకుముందు హార్మోనియం. మా కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల తలపై రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చాలామంది వాయిద్యకారులు ఆ పంక్తిని చూడకుండానే మూడు మేజర్ కోర్డులతో ఆదివారం గడిపేస్తారు. నేనూ చాలాకాలం అలాగే గడిపాను.

నాకు కనువిప్పు కలిగించింది మాయామాళవగౌళ. సరళీ స్వరాలు నేర్చుకున్న ప్రతివారికీ తెలిసిన ఆ మేళానికి కోర్డులు వేయబోతే, రోజూ వాడే జీ మేజర్ దొరకదు. జీకి పైన పంచమంగా డీ కావాలి, రాగంలో ఉన్నది శుద్ధ రిషభం, అంటే డీ ఫ్లాట్. జీ సెవెన్ నుంచి సీకి దిగే ముగింపు అలవాటైన చేతికి ఇది గోడ అడ్డం వచ్చినట్టే. కొందరు డీనే వాయించేసి ముందుకు పోతారు, అప్పుడు సమాజం శుద్ధ రిషభం పాడుతుంటే కీబోర్డు చతుశ్శ్రుతి రిషభం పలుకుతుంది, ఆ రెండూ ఒరుసుకునే శబ్దం చివరి బల్లల దాకా వినిపిస్తుంది. నేను చివరికి పట్టుకున్న దారి రిషభం మీది కోర్డే. డీ ఫ్లాట్, ఎఫ్, ఏ ఫ్లాట్, పైన బీ. నాలుగూ రాగ స్వరాలే. నిషాదం షడ్జమానికి ఎక్కుతుంది, రిషభం షడ్జమానికి దిగుతుంది. దీనిని ట్రైటోన్ సబ్‌స్టిట్యూషన్ అంటారని, జాజ్ వారు జీ సెవెన్‌కు బదులుగా వాడే కోర్డు ఇదేనని చాలా ఏళ్ల తరువాత ఒక వీడియో చూసి తెలుసుకున్నాను. మెత్తగా ముగించాలంటే ఎఫ్ మైనర్ నుంచి సీ మేజర్‌కు రావడం కూడా బాగుంటుంది.

ఇంకొక మాట. కోర్డు ఎంత త్వరగా మారితే రాగం అంత త్వరగా చెదురుతుంది. పాశ్చాత్య కీర్తనలో అక్షరానికొక కోర్డు మారినా చెల్లుతుంది. మన వరుసకు ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, ఒకటి, మహా అయితే రెండు.

కోడ్‌బడి:

మందిరం కీబోర్డు గారి మాట చదివాక ఒక చిన్న పైథాన్ ప్రోగ్రాము రాశాను, ముప్పై వరుసలు కూడా లేదు. పన్నెండు మూలస్వరాలు, మేజర్, మైనర్, డిమినిష్డ్, ఆగ్మెంటెడ్ అనే నాలుగు రకాలు, మొత్తం 48 పేర్లు. వాటిలో ఏవేవి రాగ స్వరాలలో పూర్తిగా ఇముడుతున్నాయో చూడడమే దాని పని. మోహనానికి రెండే వచ్చాయి, సీ మేజర్, ఏ మైనర్. హంసధ్వనికి మూడు: సీ, జీ, ఈ మైనర్. హంసధ్వనికి పాశ్చాత్య వాద్యబృందం అంత సులభంగా అమరడానికి ఆ జీ మేజరే కారణమై ఉండవచ్చు. శివరంజనికి సీ మైనర్, ఏ డిమినిష్డ్. రేవతికి బీ ఫ్లాట్ మైనర్, జీ డిమినిష్డ్ మాత్రమే, గాంధారమే లేదు కాబట్టి షడ్జమం మీద ఏదీ రాదు.

మాయామాళవగౌళ దగ్గర నేను ఊహించనిది వచ్చింది. విడిచి విడిచి పేర్చే పద్ధతిలో గాంధారం మీద ఈ మైనర్ ఒక్కటే కనిపిస్తుంది. ప్రోగ్రాము ఈ మేజర్‌ను కూడా ఇచ్చింది, ఎందుకంటే ఈ మేజర్‌లోని జీ షార్ప్ అనే మెట్టు మన శుద్ధ ధైవతమే. అదే విధంగా డీ ఫ్లాట్ మైనర్ కూడా ఇముడుతుంది, అక్కడ అంతర గాంధారం ఆ మైనర్‌కు మూడో స్వరంగా పనిచేస్తుంది. స్వరాల పేర్లను పట్టుకుని లెక్కించేవారికి ఇవి కనిపించవు, కీబోర్డు మెట్లను పట్టుకుని లెక్కించే యంత్రానికి కనిపిస్తాయి. యంత్రం పనికివచ్చేది ఇలాంటి చోట.

పనికిరాని చోటు కూడా చెప్పాలి. 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మైసాంగ్ అనే వ్యవస్థను తయారుచేశారు. మైకులో పాడితే చాలు, కోర్డులు అదే కట్టేది. మరుసటి ఏడాది అదే సాంగ్‌స్మిత్‌గా మార్కెట్‌లోకి వచ్చింది. సుమారు 300 పాశ్చాత్య పాటల స్వరపత్రాల నుంచి, ఏ కోర్డు తరువాత ఏ కోర్డు వచ్చే అవకాశం ఎంత, ఏ కోర్డు మీద ఏ స్వరాలు పాడుతుంటారు అనే రెండు లెక్కలను అది నేర్చుకుంది. ఎంత సంతోషంగా, ఎంత జాజ్‌గా ఉండాలో జరుపుకోవడానికి రెండు మీటలు కూడా ఉండేవి. హుక్‌థియరీ వారి సైటులో ఒక కోర్డు నొక్కితే తరువాతిది ఏది కావచ్చో శాతాలలో చూపించేది కూడా ఆ జాతికి చెందినదే. 2019 మార్చిలో బాఖ్ జయంతికి గూగుల్ పెట్టిన ఆటబొమ్మ బాఖ్ స్వరపరచిన 306 కోరాళ్ల (చర్చి కీర్తనల) మీద శిక్షణ పొందింది, మనం ఏ వరుస ఇచ్చినా బాఖ్‌లాగే బదులిచ్చేది. ఇవన్నీ చెప్పేది ఏది వాడుక అన్నది. ఎవరి వాడుక అన్నది మనం అడగాలి.

తీగరాగం:

చాలా ధన్యవాదాలు. ఈ వారం పనిచేసిన విధం చెబుతాను. పల్లవి నాలుగు ఆవర్తనాలకు బేస్‌ను సీ మీద కదలకుండా ఉంచాను. మొదటి ఆవర్తనం స-మ-ని. రెండోదానికి ఏ ఫ్లాట్ మేజర్, అయితే బేస్ సీ కాబట్టి ఇప్పుడు అది మోహనంలా వినిపించడం లేదు. మూడోదానికి ఎఫ్ మైనర్, పైన ఈ ఫ్లాట్. నాలుగోది మ-ని-గతో మొదలై స-మ-నికి వస్తుంది. క్యూబేస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరులో కోర్డు ట్రాక్ వాడాను. దానిలోని కోర్డు అసిస్టెంట్‌ను ఉమ్మడి స్వరాలు ఎక్కువగా ఉండే కోర్డులను ముందు చూపించేలా పెట్టుకుంటే, సూచనలు పాత ప్లగిన్ కన్నా మేలుగా ఉన్నాయి. అయినా సగం సూచనలలో జీ దూరిపోతోంది, వాటిని నేనే తీసివేస్తున్నాను.

చరణం దగ్గర చిక్కుపడ్డాను. ఈ నాలుగు కోర్డులే మళ్లీ వింటే విసుగు వస్తోంది. రెండో పాదంలో గొంతు తారస్థాయి షడ్జమం నుంచి ధైవతానికి దిగి నిలిచే చోట, డీ ఫ్లాట్ మేజర్ వేసి చూశాను. ఒళ్లు జలదరించింది. కాని డీ ఫ్లాట్ హిందోళంలో లేదు. ఉంచవచ్చా?

నాలుగో తీగ:

లక్షణకారులలో హిందోళాన్ని నటభైరవి జన్యమని, అంటే ఆ ఏడు స్వరాల మేళం నుంచి పుట్టినదని, అనేవారు ఉన్నారు, తోడి జన్యమని అనేవారూ ఉన్నారు. రిషభం వర్జ్యం, అంటే రాగంలో రాదు, కాబట్టి పాడేటప్పుడు ఆ తగాదా ఎవరికీ తగలదు. కోర్డు వేసేవారికి మాత్రం తగులుతుంది. తోడి అనుకుంటే బయటి నుంచి వచ్చేది శుద్ధ రిషభం, అంటే మీ డీ ఫ్లాట్ మేజర్, బీ ఫ్లాట్ మైనర్. నటభైరవి అనుకుంటే చతుశ్శ్రుతి రిషభం, అంటే బీ ఫ్లాట్ మేజర్. రెండు పక్షాలకూ పంచమం ఉంది కాబట్టి సీ మైనర్, ఈ ఫ్లాట్ మేజర్ ఎలాగూ వస్తాయి. మీ చెవి తోడి పక్షాన నిలిచిందన్న మాట.

వైణికుడు:

సరే, కోర్డులు వేస్తారనే అనుకుందాం. అయితే బయటి స్వరాలన్నీ ఒకటే రకం నేరం చేయవు. పంచమం వినిపించిన మరుక్షణం హిందోళం పోతుంది, అది లేకపోవడమే ఆ రాగం ముఖం. సీ మైనర్, ఈ ఫ్లాట్ మేజర్ రెండింటినీ పూర్తిగా మరిచిపోండి, ప్లగిన్ ఎంత బతిమాలినా సరే. శుద్ధ రిషభం అంత గట్టి దెబ్బ కాదు, అయినా గొంతు నిలిచిన చోట అది కింద మోగితే వినేవారు దానిని రాగంలోకే లెక్కవేసుకుంటారు. పాట ఆగి వాద్యాలు మాత్రమే మోగే చోటుకు దానిని మార్చండి. అక్కడ మీ ఒళ్లు జలదరించినా నాకు అభ్యంతరం లేదు.

శ్రుతిపెట్టె:

రికార్డింగు పని చేసేవాడిగా రెండు మాటలు. కోర్డులో ఏ స్వరాలు ఉన్నాయన్నది ఎంత ముఖ్యమో, అవి ఏ స్థాయిలో ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. తీగరాగం గారి ఏ ఫ్లాట్ కోర్డులో ఏ ఫ్లాట్‌ను మంద్రంలో పెడితే బేస్ సీని అది మింగేస్తుంది, మోహనం మళ్లీ తిరిగి వస్తుంది. దానిని మధ్యస్థాయికి పైన, పలుచగా ఉంచాలి. గొంతు గమకం చేస్తున్న స్వరాన్ని కోర్డులోంచి తీసివేయడం ఇంకా మంచిది, ఆ స్వరం గాయకుడిది.

రెండోది శ్రుతి. కీబోర్డులో సమవిభక్త శ్రుతి, అంటే పన్నెండు మెట్లూ సమానం, మెట్టుకు 100 సెంట్లు, కాబట్టి మేజర్ కోర్డులోని మూడో స్వరం మూలం నుంచి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబురాలో స్వయంభువుగా, అంటే ఎవరూ మీటకుండా తానుగానే, వినిపించే అంతర గాంధారం సుమారు 386 సెంట్లు. ఆ పద్నాలుగు సెంట్ల తేడా కోర్డు కొట్టి వదిలేస్తే తెలియదు, ప్యాడ్ (నొక్కినంత సేపూ నిలిచి సాగే కీబోర్డు శబ్దం) శబ్దంతో సాగదీస్తే తెలుస్తుంది. హిందోళంలో స-మ-ని వంటి మధ్యమాల పేర్పులో ఈ తేడా దూరానికి రెండు సెంట్లే, అందుకే అది తంబురాతో కలిసిపోతుంది. ఏ ఫ్లాట్ మేజర్‌ను మాత్రం గిటారు మీటుతో సరిపెట్టండి, ప్యాడ్ వద్దు.

తీగరాగం:

వైణికుడు గారి మాట ప్రకారం డీ ఫ్లాట్‌ను చరణానికి ముందు వచ్చే వాద్య భాగంలోకి మార్చాను, చరణంలో ఆ చోట ని-గ-ద ఒక్కటే ఉంచాను. మొదట బోసిగా అనిపించింది గాని, రెండు రోజులు విన్న తరువాత గొంతు దిగడం ఇప్పుడే స్పష్టంగా వినిపిస్తోంది. ప్యాడ్ పూర్తిగా తీసేశాను.

చివరిగా ఒక ప్రశ్న. పాట పాడబోయే అమ్మాయి శ్రుతి ఐదు. నేను సీలో వేసుకున్న ఆ గిటారు పట్టును జీకి మార్చడానికి కాపో (తీగలన్నిటినీ ఒకే మెట్టు దగ్గర నొక్కిపట్టే బిగింపు) పెట్టాలా, మెట్లు పైకి జరగాలా?

నాలుగో తీగ:

రెండూ అక్కరలేదు, అదే మెట్టు దగ్గర ఒక తీగ లావు వైపుకు జరగండి. లావు తీగ నుంచి నాలుగు తీగలు మూడో మెట్టు, తరువాతిది నాలుగో మెట్టు. జీ, సీ, ఎఫ్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్. ఇప్పుడు మోగకూడనిది అన్నిటికన్నా సన్న తీగ, దానిని చూపుడు వేలి అంచుతో అణిచి పెట్టండి.